డెలివరీ పనిలో "స్లో" అని తీసేస్తే: నెల్లూరు కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు

దసరా సీజన్‌లో నెల్లూరులో పార్సిళ్లు వచ్చి చేరే ఒక హబ్‌లో టెంపరరీ డెలివరీ బాయ్‌గా చేరాను. దీపావళి దాటేదాకా పని ఉంటుందన్నారు. ఇరవై మూడో రోజు పొద్దున రన్‌షీట్‌లో, అంటే ఆ రోజు ఎవరు ఏ పార్సిళ్లు ఇవ్వాలో రాసే జాబితాలో, నా పేరు లేదు. టీఎల్ (టీమ్ లీడర్) పక్కకు పిలిచి, "నువ్వు మంచోడివే అబ్బయ్యా, కానీ బాగా స్లో. తీసేయమని పైనుంచి చెప్పారు" అన్నాడు. ఏం అడగాలో నాకు తెలియలేదు. బ్యాగు, ఐడీ కార్డు బల్ల మీద పెట్టేసి, పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు వెళ్లిపోయాను. చివరి పది రోజుల డబ్బు కోసం రెండు నెలలు తిరిగాను.

ఆ తిరుగుడులోనే చాలా విషయాలు నేర్చుకున్నాను. మా వైపు ఎవరు డెలివరీలో చేరినా, ఎవరిని తీసేసినా ఇప్పుడు నాకే ఫోన్ చేస్తున్నారు. అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

టెంపరరీ అంటే నేను ఎవరి దగ్గర పనిచేస్తున్నట్టు?

చేరిన రోజే తెలుసుకోవాల్సిన విషయం ఇది. టీషర్టు మీద ఉన్న పేరు, మీకు డబ్బు ఇచ్చే పేరు ఒకటే అయి ఉండాలని లేదు. మన దగ్గర మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, ఏజెన్సీ రోల్ మీద, అంటే మనుషుల్ని పనికి పెట్టే ఏజెన్సీ ఉద్యోగిగా, నెల జీతం. రెండు, ఊళ్లో హబ్ నడిపే వెండర్ పార్సిల్‌కి ఇంత అని ఇచ్చేది. మూడు, యాప్‌లో "పార్ట్‌నర్"గా చేరి ఆర్డర్‌కి ఇంత తీసుకునేది.

జీతం వేసిన బ్యాంకు ఎంట్రీలో ఎవరి పేరు ఉందో చూడండి. రేపు మీరు అడగాల్సింది వాళ్లనే. నేను హబ్ చుట్టూ తిరిగాను కానీ నా డబ్బు ఆపింది వెండర్. ఆ సంగతి తెలుసుకోవడానికే మూడు వారాలు పట్టింది.

"స్లో" అని దేన్ని చూసి అంటారు?

రోజుకు మీకిచ్చిన పార్సిళ్లలో ఎన్ని డెలివరీ అయ్యాయి, ఎన్ని వెనక్కి తెచ్చారు, మొదటి డెలివరీ ఎన్నింటికి పడింది, చివరిది ఎన్నింటికి అయింది, ఇవి చూస్తారు. ఫుడ్, కిరాణా యాప్‌లలో అయితే నిమిషాలే లెక్క. లిఫ్ట్ చెడిపోయిందనీ, సెల్లార్‌లో సిగ్నల్ లేదనీ, కస్టమర్ స్నానంలో ఉన్నాడనీ ఆ లెక్కలో ఎక్కడా కనపడదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. మూలాపేటలో ఒక పెద్దావిడకు బెంగళూరులో ఉన్న కొడుకు బీపీ మిషన్ పంపించాడు. ఆర్డర్ పెట్టింది కొడుకు కాబట్టి ఓటీపీ ఆయన ఫోన్‌కి పోయింది. నేను చేస్తే ఎత్తలేదు. ఆవిడ చేసినా ఎత్తలేదు. "మీటింగ్‌లో ఉంటాడు నాయనా, కాసేపు కూర్చో" అని అరుగు మీద మజ్జిగ తెచ్చిపెట్టింది. కోడలికి చేసింది, కోడలు ఇంకెవరికో చేసింది, చివరికి నంబర్ వచ్చింది. నాలుగు అంకెలకు పదకొండు నిమిషాలు. నా వెనక ఇంకా ముప్పై నాలుగు పార్సిళ్లు ఉన్నాయి. ఆ మజ్జిగ గొంతు దిగలేదు నాకు. ఆ రోజు రిపోర్టులో నేను మూలాపేటలో పదకొండు నిమిషాలు ఖాళీగా ఉన్నట్టే వచ్చింది.

కాబట్టి స్లో అన్నారంటే మీరు బద్ధకస్తులని అర్థం కాదు. ఆ మాటను మనసుకు ఎక్కించుకోకండి.

అయినా, నేను నిజంగానే స్లో ఏమో అనిపిస్తోంది. ఎలా తెలుసుకోవాలి?

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. యాప్ లెక్క వాళ్లది, నోట్‌బుక్ లెక్క మీది. మూడు రోజులు రాస్తే చాలు. హబ్ నుంచి బయల్దేరిన టైమ్, ప్రతి ఇంటి ముందు బండి ఆపిన టైమ్, మళ్లీ తీసిన టైమ్ రాయండి.

పదిహేనో రోజున మొదటి వార్నింగ్ వచ్చాక నేను ఈ పని చేశాను. లెక్క చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఎనిమిదిన్నర గంటల డ్యూటీలో బండి నడిచింది మూడు గంటలు కూడా లేదు. మిగతా టైమంతా స్టాండు మీదే ఉంది. బ్యాగులో పార్సిల్ వెతకడం, డోర్ నంబర్ వెతకడం, ఫోన్ ఎత్తేదాకా నిలబడటం, ఓటీపీ కోసం ఆగడం, చిల్లర కోసం పక్క కొట్టుకు పోవడం. బండి నడిచేటప్పుడు కాదు, ఆగినప్పుడే నా టైమ్ పోతోంది. ఈ ఒక్క విషయం మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నా కథ వేరేగా ఉండేది.

తర్వాత మార్చుకున్నవి ఇవి.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది సర్దుడు. పొద్దున హబ్‌లో అందరూ బ్యాగు నింపేసి ఉరుకుతారు. నేను పది నిమిషాలు ఎక్కువ తీసుకుని, ఏ ఇల్లు ముందో ఏది వెనకో చూసుకుని, ప్రతి పార్సిల్ మీద స్కెచ్ పెన్‌తో పెద్ద అంకె వేశాను. చివర ఇవ్వాల్సినవి అడుగున, ముందు ఇవ్వాల్సినవి పైన. పట్టనివి ఒక గోతంలో వేసి వెనక సీటుకు కట్టాను. అంతకుముందు ఇంటి ముందు నిలబడి బ్యాగంతా బోర్లించేవాణ్ని. ఎండలో ముప్పై లేబుళ్లు చదివి ఒక కవరు తీయాలంటే ఎంతసేపు పడుతుందో చేసినవాళ్లకే తెలుసు.

రెండోది రైల్వే లైను. నెల్లూరుని అది రెండుగా కోసేసింది. ఒకపక్క ట్రంకు రోడ్డు, ఇంకోపక్క మాగుంట లేఅవుట్, మినీ బైపాస్. అటూ ఇటూ పోవాలంటే అండర్ బ్రిడ్జిలే దిక్కు. యాప్ చూపించిన వరసలో పోతే నేను ఒక పూటలో నాలుగుసార్లు దాటాల్సి వచ్చేది. అటుపక్కవి అన్నీ ముగించి ఒకేసారి దాటడం మొదలుపెట్టాను. నవంబరు వానల్లో అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ఈ పద్ధతి తప్ప ఇంకో దారి లేదు.

మూడోది అడ్రసు. స్టోన్‌హౌస్‌పేట సందుల్లో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ రాసి ఉన్న గుమ్మాలు చూశాను. మ్యాప్‌ని నమ్మి తిరగడం కన్నా ఇస్త్రీ బండి అన్నను అడగడం మేలు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎన్నింటికి వస్తారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇక ఓటీపీ, క్యాష్ పార్సిళ్లు ఉన్నవాళ్లకు బయల్దేరే ముందే ఫోన్లు చేసుకోండి. "అరగంటలో వస్తాను, ఓటీపీ మీ దగ్గరే ఉందా అండీ?" అని అడిగితే సగం తలనొప్పి అక్కడే పోతుంది.

రోజుకు నలభై ఎనిమిది చేసేవాణ్ని, అరవై దాకా వచ్చాను. టార్గెట్ డెబ్బై. అయినా తీసేశారు, ఎందుకంటే వాళ్లు చూసింది మొదటి రెండు వారాలతో కలిపిన సగటు. అందుకే చెప్తున్నాను, పదిహేనో రోజు కాదు, మొదటి రోజే మొదలుపెట్టండి.

బండి కొంచెం స్పీడుగా తోలితే సరిపోదా?

సరిపోదు. లెక్క వేసి చూడండి. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ 400 మీటర్లు అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల మీద పోతే 48 సెకన్లు పడుతుంది. 50 మీద పోతే 29 సెకన్లు. మిగిలేది 19 సెకన్లు. రోజంతా అరవై ఇళ్లకు అలా ప్రాణం అరచేతిలో పెట్టుకుని తోలితే దక్కేది మొత్తం 19 నిమిషాలు. అదీ గేదె అడ్డం రాకపోతే, స్కూలు పిల్లలు రోడ్డు దాటకపోతే, గుంట లేకపోతే. అదే 19 నిమిషాలు పొద్దున సర్దుకోవడంతోనే మిగులుతాయి.

బుజబుజ నెల్లూరు దగ్గర హైవే మీద రాంగ్ రూట్‌లో అడ్డంగా కొట్టే డెలివరీ పిల్లల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. హెల్మెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టంలో వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు ఉన్నాయి. లైసెన్స్ పోతే ఏ హబ్‌లోనూ పని ఉండదు. పని పోతే ఇంకో పని దొరుకుతుంది తమ్ముడూ. కాలు పోతే అమ్మానాన్నలు ఏమైపోతారు?

ఇల్లు దొరకనప్పుడు "కస్టమర్ లేరు" అని కొట్టేస్తే నంబర్లు బాగుంటాయంట కదా?

చేయొద్దు. ఎవరు చెప్పినా చేయొద్దు. ఫోన్ చేయకుండా అలా కొడితే అది ఫేక్ రిమార్క్. కస్టమర్ కంప్లైంట్ పెడితే కాల్ రికార్డు చూస్తారు. స్లో అని పోయినవాడికి ఇంకో చోట పని దొరుకుతుంది. మోసం అని ఐడీ బ్లాక్ అయినవాడికి దొరకడం కష్టం.

వార్నింగ్ వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

మూడు అడగండి: టార్గెట్ ఎంత, నేను చేసింది ఎంత, ఎప్పటిలోగా అందుకోవాలి. నోటిమాట అయితే మీరే వాట్సాప్‌లో మర్యాదగా రాసి పంపండి. ఇలా:

"అన్నా, నేను రోజుకు 70 చేయాలని ఈరోజు చెప్పారు. నేను 52 చేస్తున్నాను. నా రూటు మొదటి వారంలో మూడుసార్లు మారింది. వచ్చే సోమవారానికి 65 దాకా తీసుకొస్తాను. ఒకే రూటు ఇవ్వగలరా?"

ఇందులో గొడవ లేదు. కానీ రేపు ఎవరైనా చూస్తే మీకు టైమ్ ఇచ్చారా లేదా, రూటు మార్చారా లేదా అన్నీ తెలుస్తాయి. రూటు మాటిమాటికీ మారిస్తే ఎంత చురుకైనవాడైనా స్లో అవుతాడు. వేదాయపాళెం సందులు పట్టుబడేసరికి బాలాజీ నగర్‌కి వేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

ఇంకో పని ఈరోజే చేయండి. యాప్‌లో మీ రోజువారీ డెలివరీలు, రావాల్సిన డబ్బు కనిపించే పేజీలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఐడీ బ్లాక్ చేశాక అవేవీ తెరుచుకోవు. నాకు అదే జరిగింది.

నోటీసు లేకుండా తీసేయొచ్చా?

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇరవై రోజులు, రెండు నెలలు చేసిన టెంపరరీ మనిషి "నన్ను తీసేయడమే తప్పు" అని గెలవడం కష్టం. ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఒకచోట ఆపకుండా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. కాబట్టి ఏజెన్సీ రోల్ మీద ఆరు నెలలు దాటినవాళ్లు ఈ మాట తప్పకుండా అడగండి. సీజన్ అయిపోయి కాంట్రాక్టు గడువు ముగిస్తే అది తీసేయడం కిందకు రాదు.

యాప్ పార్ట్‌నర్లను కంపెనీలు ఉద్యోగులుగా ఒప్పుకోవు. చేరేటప్పుడు మనం నొక్కిన ఒప్పందంలో ఆ మాటే రాసి ఉంటుంది. ఐడీ బ్లాక్ అయితే ముందు యాప్‌లోనే అప్పీల్ పెట్టండి. తేదీలు, ఆర్డర్ నంబర్లు వేసి నాలుగు ముక్కల్లో రాయండి. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల కోసం, అంటే ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్ల కోసం, చట్టాలు చేశాయి. మన పిల్లలకూ అలాంటి రక్షణ కావాలి.

నాకు రావాల్సిన డబ్బు ఎప్పటిలోగా ఇవ్వాలి?

ఇక్కడ మాత్రం తగ్గొద్దు. తీసేయడం వాళ్ల ఇష్టం కావచ్చు, చేసిన పనికి కూలి ఆపడం వాళ్ల ఇష్టం కాదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కేంద్రం చేసిన కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. అందులో వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగిని తీసేసినా, తనే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "నెలాఖరుకు అందరితో పాటే" అన్నది ఈ లెక్కకు నిలవదు. రాకపోతే క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువు ఉంది.

పెనాల్టీ అని కోసుకోవడం గురించి చాలామంది అడుగుతారు. అదే కోడ్‌లో, ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా జరిమానా వేయకూడదని ఉంది. వేసినా ఆ జీతంలో 3 శాతం దాటకూడదు. సరుకు పోయిందని కోసేటప్పుడు కూడా ముందు మన మాట వినాలి.

క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు నా దగ్గరే ఉంది. వాళ్లు నా జీతం ఇచ్చేదాకా పట్టుకోవచ్చా?

వద్దు! ఆ డబ్బు మీది కాదు. జీతం బాకీకి దాన్ని పట్టుకుంటే మీ న్యాయమైన కేసు అక్కడితో తిరగబడుతుంది, పోలీస్ స్టేషన్ దాకా పోవచ్చు. అదే రోజు కట్టేసి రసీదు గానీ, డిపాజిట్ స్క్రీన్‌షాట్ గానీ తీసుకోండి. బ్యాగు, టీషర్టు, ఐడీ కార్డు, కంపెనీ సిమ్ ఇచ్చేటప్పుడు బల్ల మీద పరిచి ఫోటో తీయండి. "అన్నీ ముట్టాయి" అని ఒక్క మెసేజ్ పెట్టించుకోండి. నేను పెట్టించుకోలేదు. నెల తర్వాత బ్యాగు ఇవ్వలేదని పన్నెండు వందలు కోశారు.

"నువ్వే మానేస్తున్నట్టు రాసివ్వు" అంటున్నారు.

అలా రాయొద్దు. తీసేస్తే తీసేశారనే ఉండాలి. తెల్ల కాగితం మీద సంతకం అసలే వద్దు. "ఇంట్లో చూపించి రేపు ఇస్తాను" అని చెప్పి వచ్చేయండి.

ఎక్కడికి పోయి చెప్పుకోవాలి?

మొదట వెండర్‌కి ఒక మెసేజ్ పెట్టి, ఏడు రోజులు చూడండి. ఆ తర్వాత కార్మిక శాఖ. నెల్లూరులో ఆ శాఖ ఆఫీసు ఉంది, మీ ఏరియా చూసే సహాయ కార్మిక అధికారి ఎవరో అక్కడే చెప్తారు. అర్జీ తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు: ఎప్పుడు చేరారు, ఎవరి కింద, రోజుకు ఎన్ని గంటలు, ఎంత బాకీ. బ్యాంకు స్టేట్‌మెంట్, స్క్రీన్‌షాట్ల జిరాక్స్ జతచేసి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు లేకుండా రావొద్దు.

అక్కడ కదలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. లాయర్ అవసరం పడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హత ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తారు, ఫోన్ 15100. నా సంగతి అక్కడిదాకా పోలేదు. స్టాంపు వేసిన అర్జీ ఫోటో వెండర్‌కి పంపిన మూడో రోజుకు డబ్బు పడింది. రెండు నెలలు ఫోన్లు చేస్తే రానిది ఒక్క కాగితంతో వచ్చింది.

పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయా?

ఏజెన్సీ జీతం అయితే ఉండాలి. పీఎఫ్ (భవిష్య నిధి) ఇరవై మంది, ఈఎస్ఐ (వైద్య బీమా) పది మంది పనిచేసే చోటుకు వర్తిస్తాయి. పీఎఫ్‌కి 15,000, ఈఎస్ఐకి 21,000 రూపాయల జీతం దాకా తప్పనిసరి. పే స్లిప్‌లో కోత ఉంటే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఆ డబ్బు నిజంగా జమ అయిందో లేదో చూడండి. పార్ట్‌నర్లకు ఇవి ఉండవు.

ఈ-శ్రమ్ కార్డు వల్ల ఉపయోగం ఉందా?

చేయించుకోండి. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసుకునే కేంద్ర ప్రభుత్వ కార్డు అది. 16 నుంచి 59 ఏళ్ల లోపు, పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లకు ఉచితం. హెల్ప్‌లైన్ 14434. పని పోయిందని నెలనెలా డబ్బు ఇచ్చే కార్డు మాత్రం కాదు ఇది. సామాజిక భద్రత కోడ్‌లో యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం గిగ్ కార్మికుల నిధికి కట్టాలని ఉంది. ఆ నిధి నుంచి ఏ మేలు రావాలన్నా మన పేరు ముందు రికార్డులో ఉండాలి కదా.

ఇంట్లో ఎలా చెప్పాలి?

దీని గురించి ఎవరూ నేరుగా అడగరు. ఫోన్ పెట్టేసే ముందు, "అన్నా, ఇంట్లో ఇంకా చెప్పలేదు" అంటారు.

నేను కూడా ఎనిమిది రోజులు చెప్పలేదు. పొద్దున్నే టీషర్టు లేకుండా బండి తీస్తే అనుమానం వస్తుందని, పాత టీషర్టు ఒకటి ఉంటే అదే వేసుకుని బయల్దేరేవాణ్ని. పెన్నా గట్టు మీద, రంగనాయకుల గుడి వెనక కూర్చుని సాయంత్రం ఇంటికి పోయేవాణ్ని. పెట్రోలు ఖర్చు, పైగా అబద్ధం. తొమ్మిదో రోజు అమ్మే అడిగింది: "ఏందిరా, బ్యాగు కనపడటం లేదు?" చెప్పేశాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే, ఎండన పడి సావకుండా" అని అన్నం పెట్టింది. నాన్నకు ఆమే చెప్పింది.

మొదటి రోజే చెప్పండి. బండి వాయిదా ఉంటే ఇంకా ముందు చెప్పండి. కట్టాల్సిన తేదీకి ముందే ఫైనాన్స్ ఆఫీసుకు పోయి పరిస్థితి చెప్పి తేదీ జరపమని అడిగితే వినే అవకాశం ఉంటుంది. బౌన్స్ అయ్యాక పోతే చార్జీలు మీద పడతాయి.

ఇంకో చోట ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావంటే ఏం చెప్పాలి?

నిజం, రెండు వాక్యాల్లో. "సీజన్ పనికి తీసుకున్నారు, వాళ్ల టార్గెట్ అందుకోలేదు. రోజుకు 48 నుంచి 60కి పెంచుకున్నాను, ఒక్క పార్సిల్ పోగొట్టలేదు, క్యాష్ ఒక్క రోజు తేడా రాలేదు." పాత టీఎల్‌ని తిట్టకండి. నోట్‌బుక్ ఉంటే తీసుకెళ్లండి, చూపించండి.

మీరు ఇప్పుడు ఏం చేస్తున్నారు?

మందుల హోల్‌సేల్ వాళ్ల దగ్గర వ్యాన్ తోలుతున్నాను. ఇంటర్వ్యూలో ఆ యజమాని నా నోట్‌బుక్ తీసుకుని నాలుగు పేజీలు తిప్పి చూశాడు. "క్యాష్ తేడా రాలేదన్నావే, అది చాలు" అన్నాడు. బుచ్చిరెడ్డిపాళెం, సంగం, ఆత్మకూరు లైను నాది. వారానికి మూడు ట్రిప్పులు, ప్రతిసారీ అవే కొట్లు. ఇన్సులిన్ ఐస్ డబ్బా ముందు దించాలి కాబట్టి అది తలుపు దగ్గర ఉంటుంది. మిగతా డబ్బాల మీద ఇప్పటికీ స్కెచ్ పెన్‌తో పెద్ద అంకెలు వేస్తాను, ఆత్మకూరువి అడుగున, బుచ్చివి పైన.